ల్యాప్‌టాప్ కొన్నది ఒకరు... తాళం చెవి మరొకరి దగ్గర!

డబ్బు చెల్లించి, సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్న పాత ల్యాప్‌టాప్ అది. నాలుగు నెలలు చక్కగా పనిచేసింది. ఒకనాటి ఉదయం తెరిస్తే ఎప్పటిలాగే తెరమీద ఒక పేరు కనిపించింది. ఆ పేరు కొన్నవారిది కాదు, అమ్మినవారిది. కాగితం ముక్కమీద రాసి ఇచ్చిన పాస్‌వర్డు కొడితే తప్పని వచ్చింది. మళ్లీ కొడితే మళ్లీ అదే జవాబు.

మిర్యాలగూడ ప్రాంతంలో సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల వరి సాగు చేసుకునే రైతు ఇంట జరిగిన సంగతి ఇది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న కొడుకు కంప్యూటరు కోర్సు నేర్చుకుంటానన్నాడు. వడ్ల డబ్బు చేతికి రాగానే తండ్రి రూ. 19 వేలు తీసి ఇచ్చాడు. కొత్తది కొనాలంటే అంతకు రెట్టింపు పైగా కావాలి. అందుకే పాతది చూసుకున్నారు. అమ్మినవారు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒక ఇంజనీరు. కుర్రవాడి బాబాయి అదే అపార్టుమెంటులో డ్రైవరుగా పనిచేస్తున్నాడు. తెలిసినవారి వస్తువు కదా అని ఎవరూ అనుమానించలేదు. పేరు మార్చుకోవాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

మరమ్మతు దుకాణంలో తేలిన నిజం

కుర్రవాడు ల్యాప్‌టాప్‌ను పట్టణంలోని మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్లాడు. "అంతా చెరిపి కొత్తగా విండోస్ ఎక్కిస్తే గంటలో పని అయిపోతుంది. లోపల ఉన్నదంతా మాత్రం పోతుంది" అన్నాడు మెకానిక్కు. కుర్రవాడికి ముచ్చెమటలు పోశాయి. నాలుగు నెలలుగా రాత్రిళ్లు కూర్చుని చేసిన కోర్సు ప్రాజెక్టు అందులోనే ఉంది. వారం రోజుల్లో దానిని అప్పగించాలి. మరో నకలు ఎక్కడా లేదు.

"చెరపకుండా తీయలేరా అన్నా?" అని అడిగాడు. మెకానిక్కు డిస్కును ఊడదీసి వేరే కంప్యూటరుకు తగిలించాడు. అక్కడా తలుపు తెరుచుకోలేదు. 48 అంకెల తాళం సంఖ్య అడిగింది. ఆ సంఖ్య ఎక్కడుంటుందంటే, తెరమీద ఎవరి పేరు ఉందో వారి ఖాతాలో ఉంటుంది. అంటే హైదరాబాదులోని ఇంజనీరు దగ్గర.

బాబాయి ద్వారా ఇంజనీరుకు ఫోను చేశారు. అప్పుడు అసలు సంగతి బయటపడింది. కొద్ది రోజుల కిందట ఆయన ఫోనుకు ఒక సందేశం వచ్చింది. ఆయనకు ఇంటర్నెట్‌లో ఉన్న వన్‌డ్రైవ్ అనే దాచుకునే చోటు నిండిపోయిందని దాని సారాంశం. తెరిచి చూస్తే ఎవరివో ఆధార్ కార్డులు, బ్యాంకు పాసు పుస్తకం పేజీలు, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం కనిపించాయి. ఎవరో తన ఖాతాలోకి దొంగతనంగా చొరబడ్డారని ఆయన భయపడి పాస్‌వర్డు మార్చేశారు.

ఆ పత్రాలు కుర్రవాడివి, అతని తండ్రివి. స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం స్కాన్ చేసి ల్యాప్‌టాప్‌లో దాచుకున్నవి. తాము ఇంట్లో దాచుకున్నామనుకున్న కాగితాలు నాలుగు నెలలుగా మరొకరి ఇంటికి చేరుతున్న సంగతి ఆ కుటుంబానికి తెలియదు. తన పేరుమీద ఊరూపేరూ తెలియనివారి కాగితాలు పోగుపడుతున్న సంగతి ఇంజనీరుకూ తెలియదు. తప్పు చేయాలని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు. అయినా ఇద్దరికీ కంటిమీద కునుకు లేకుండా పోయింది.

తెరమీద పేరంటే పట్టా వంటిది

పొలం కొన్నవారు దున్నుకుంటే సరిపోదు. రిజిస్ట్రేషన్ కావాలి, మ్యుటేషన్ జరగాలి, పట్టాదారు పాసు పుస్తకంలో పేరు ఎక్కాలి. లేకుంటే దున్నేది ఒకరు, కాగితాలమీద హక్కుదారు మరొకరు అవుతారు. పాత కంప్యూటరు సంగతీ అంతే. తెరమీద కనిపించే పేరు అలంకారం కాదు. దాని వెనుక ఒక ఈమెయిల్ ఖాతా ఉంటుంది. ఆ ఖాతా ఎవరిదో యంత్రం మాట వారిదే చెల్లుతుంది.

పాత యజమాని ఖాతా అలాగే ఉంటే జరిగే నష్టాలు మూడు రకాలు.

మొదటిది, కొన్నవారి కాగితాలు బయటికి పోవడం. విండోస్ కంప్యూటర్లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అనే అరలలో పెట్టిన వాటిని వన్‌డ్రైవ్‌లోకి నకలు తీసే ఏర్పాటు ఉంది. అది నడుస్తుంటే ఆ నకళ్లు పాత యజమాని ఖాతాకే వెళతాయి. ఉచితంగా దొరికే చోటు 5 జీబీ మాత్రమే. అది నిండితే ఆ తరువాతి ఫైళ్లు వెళ్లవు. కుర్రవాడి ఆధార్ కార్డు వెళ్లి, ఆ తరువాత చేసిన ప్రాజెక్టు వెళ్లకపోవడానికి కారణం ఇదే. క్రోమ్ బ్రౌజరులో పాత యజమాని గూగుల్ ఖాతా మిగిలి ఉంటే ప్రమాదం ఇంకా పెద్దది. కొత్తవారు అందులో భద్రం చేసుకున్న పాస్‌వర్డులు కూడా ఆయన ఖాతాలోకి చేరవచ్చు.

రెండోది, తలుపు ఎప్పుడైనా మూసుకుపోవడం. పాత యజమాని తన పాస్‌వర్డు మార్చుకున్నా, ఎక్కడో పోగొట్టుకున్న యంత్రం అనుకుని దూరం నుంచి తాళం వేసినా, కొన్నవారు బయటే నిలబడాలి.

మూడోది, లోపలి ఫైళ్లు చిక్కకపోవడం. ఈ మధ్య తయారైన అనేక ల్యాప్‌టాప్‌లలో డిస్కులోని సమాచారమంతా రహస్య లిపిలోకి మారి ఉంటుంది. బిట్‌లాకర్ అనేది దాని పేరు. దొంగ చేతిలో పడినా సమాచారం చిక్కకూడదని చేసిన మంచి ఏర్పాటే అది. అయితే తాళం సంఖ్య పాత యజమాని ఖాతాలో ఉండిపోతే, న్యాయంగా కొన్నవారికీ దొంగకు పట్టిన గతే పడుతుంది.

పేరు తీసేయడం ఎలా?

పాత ఖాతా ఒక్కదానినే తొలగించే వీలు ఉంది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి, అదర్ యూజర్స్‌లో ఆ పేరును ఎంచి రిమూవ్ నొక్కితే పోతుంది. అయితే దానికి ముందు అన్ని అధికారాలతో మరో ఖాతా తెరిచి, అందులో నుంచి ఈ పని చేయాలి. ఎవరి పేరుతో లోపలికి వెళ్లారో ఆ పేరును అక్కడినుంచే తీయడం కుదరదు. పైగా పాతవారు ఎక్కించిన ప్రోగ్రాములు, వాటిలో ఏదైనా చెడు ఉంటే అదీ అలాగే మిగిలిపోతాయి. కనుక ఇల్లు కడిగి సున్నం వేసినట్లు అంతా చెరిపి కొత్తగా మొదలుపెట్టడమే మేలు.

అందుకు మరమ్మతు దుకాణానికి వెళ్లనక్కరలేదు. విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ తెరవాలి. రీసెట్ దిస్ పీసీ అన్నది నొక్కాలి. కీప్ మై ఫైల్స్, రిమూవ్ ఎవ్రీథింగ్ అని రెండు దారులు చూపుతుంది. రెండోదే ఎంచాలి. ఆ తరువాత చేంజ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్లీన్ డేటా అన్నదానికి యెస్ అనాలి. అలా చేస్తే చెరిపిన ఫైళ్లను మళ్లీ వెలికితీయడం కష్టమవుతుంది. ఈ పనికి గంటలు పట్టవచ్చు. కరెంటు పోయినా మధ్యలో ఆగకుండా బ్యాటరీ నింపుకుని, చార్జరు తగిలించి ఉంచాలి.

పాస్‌వర్డు తెలియకపోయినా దారి ఉంది. పేరు కనిపించే తెరమీదే కుడివైపు కింద పవర్ గుర్తు ఉంటుంది. కీబోర్డుమీద షిఫ్ట్ మీట నొక్కిపట్టి, ఆ గుర్తులోని రీస్టార్ట్ నొక్కితే నీలిరంగు తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, ఆపైన రీసెట్ దిస్ పీసీ ఉంటాయి. అక్కడ బిట్‌లాకర్ సంఖ్య అడిగి అడ్డుపడితే, కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవులో మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచితంగా ఇచ్చే విండోస్‌ను ఎక్కించి, డిస్కులోని పాత భాగాలన్నీ తీసేసి కొత్తగా వేసుకోవచ్చు. బిట్‌లాకర్ లోపలి సమాచారానికి కాపలా కాస్తుందే గాని, డిస్కును చెరిపి మళ్లీ వాడుకోవడానికి అడ్డు రాదు.

అంతా చెరిపితే విండోస్ మళ్లీ డబ్బు పెట్టి కొనాలేమోనని కొందరు వెనకాడుతుంటారు. ఆ భయం అక్కరలేదు. అసలైన విండోస్ 10 లేదా 11 నడిచిన యంత్రమైతే దాని అనుమతి మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. అదే రకం విండోస్ మళ్లీ వేసి ఇంటర్నెట్ కలిపితే దానంతట అదే గుర్తిస్తుంది. చివరగా కొత్త ఖాతా అడిగినప్పుడు దుకాణదారు ఈమెయిల్ కాకుండా సొంత ఈమెయిల్ ఇవ్వాలి. బిట్‌లాకర్ తాళం సంఖ్య ఆ ఖాతాలోకే వస్తుంది. దానిని నోటుపుస్తకంలో రాసి ఇంట్లో పెట్టుకోవాలి.

ఎంత చెరిపినా ఊడని తాళాలు

ఇంతవరకు చెప్పినవి మామూలు తాళాలు. చెరిపినా ఊడని తాళాలు మూడు ఉన్నాయి. పాత సరుకు కొనేవారు ఎక్కువగా మోసపోయేది వీటి దగ్గరే.

ఒకటి కంపెనీ తాళం. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకు ఇచ్చే ల్యాప్‌టాప్‌లను ఆటోపైలట్ అనే పద్ధతిలో నమోదు చేసుకుంటాయి. యంత్రం గుర్తులు కంపెనీ పేరుమీద మైక్రోసాఫ్ట్ దగ్గర ఉంటాయి. ఎవరు ఎన్నిసార్లు చెరిపినా, ఇంటర్నెట్ కలపగానే కంపెనీ పేరు తెరమీదికి వచ్చి ఆఫీసు ఈమెయిల్ అడుగుతుంది. దానిని తొలగించగలిగేది ఆ కంపెనీయే. ఇంటర్నెట్ కలపకుండా విండోస్ వేసి అమ్మితే ఈ తాళం కొన్నప్పుడు కనిపించదు. మరోసారి చెరిపిన నాడు బయటపడుతుంది.

రెండోది యాపిల్ తాళం. 2018 నుంచి వచ్చిన అనేక మ్యాక్ కంప్యూటర్లలోను, 2020 చివరినుంచి వస్తున్న యాపిల్ సొంత చిప్పుల మ్యాక్‌లలోను యాక్టివేషన్ లాక్ ఉంటుంది. పాత యజమాని ఫైండ్ మై అనే ఏర్పాటును ఆపకుండా అమ్మితే, చెరిపిన తరువాత ఆయన యాపిల్ ఖాతా పాస్‌వర్డే అడుగుతుంది. ఆయన ఎంత దూరాన ఉన్నా ఐక్లౌడ్ వెబ్‌సైటులోకి వెళ్లి ఆ యంత్రాన్ని తన జాబితానుంచి తీసేయవచ్చు. ఆయన ఎవరో తెలియకపోతే మాత్రం కొన్నవారి చేతిలో ఏమీ ఉండదు.

మూడోది బయోస్ పాస్‌వర్డు. విండోస్ మొదలు కాకముందే అడిగేది ఇది. పాత డెస్క్‌టాప్‌లలో లోపలి చిన్న గుండు బ్యాటరీ తీసి పెడితే పోయేది. నేటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ కిటుకు పనిచేయదు.

పళ్లు చూడకుండా ఎద్దును కొంటామా?

సంతలో ఎద్దును కొనేవారు పళ్లు చూస్తారు, నడిపించి చూస్తారు. అంతా కుదిరాకే డబ్బు లెక్కపెడతారు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల కొన్నా, తెలిసినవారి ఇంట్లో కొన్నా, ల్యాప్‌టాప్‌కూ అటువంటి పరీక్ష తప్పదు.

అమ్మేవారి ఎదుటే అంతా చెరిపించాలి. చెరిపిన తరువాత కొన్నవారి ఫోను హాట్‌స్పాట్‌తో ఇంటర్నెట్ కలిపి, కొత్త ఖాతా అడిగే పేజీ వరకు నడిపించాలి. మధ్యలో ఏ కంపెనీ పేరూ, ఏ పాత ఈమెయిలూ రాకుంటే యంత్రం శుభ్రంగా ఉన్నట్లే. దీనికి ఒక పూట పడుతుంది. ఆ పూట కూర్చోలేక వచ్చేసినవారే తరువాత నెలల తరబడి తిరగవలసి వస్తుంది. ఎఫ్2 లేదా డిలీట్ మీటతో బయోస్‌లోకి కూడా వెళ్లి పాస్‌వర్డు అడుగుతుందేమో చూడాలి. కొన్ని కంపెనీల యంత్రాలకు ఆ మీట వేరుగా ఉంటుంది.

కాగితం ముక్కమీద పాస్‌వర్డు రాసి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. అది తాళం చెవి ఇచ్చినట్లు కాదు, తాళం ఇంకా తమ పేరుమీదే ఉందని చెప్పినట్లు.

బిల్లు తప్పనిసరిగా తీసుకోవాలి. అమ్మినవారి పేరు, ఫోను నంబరు, తేదీ, ల్యాప్‌టాప్ అడుగున ఉండే సీరియల్ నంబరు అందులో ఉండాలి. మొబైల్ ఫోనుకైతే ఐఎంఈఐ నంబరుతో సంచార్ సాథీ ద్వారా పరిశీలించుకునే వీలుంది. అది మొబైళ్లకే గాని ల్యాప్‌టాప్‌లకు కాదు. కనుక ల్యాప్‌టాప్ విషయంలో బిల్లే రక్ష.

ఎందుకంటే ఊడని తాళం వెనుక ఒక్కొక్కప్పుడు దొంగతనం ఉండవచ్చు. దొంగసొత్తు అని తెలిసి గాని, అలా అనుకోవడానికి కారణం ఉండి గాని దురుద్దేశంతో తీసుకోవడం, దగ్గర ఉంచుకోవడం 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దొంగసొత్తయిన కంప్యూటరును తెలిసి తీసుకుంటే ఐటీ చట్టం 66బి సెక్షన్ కూడా వర్తిస్తుంది. తాళం ఊడని యంత్రం ఏదైనా సగం ధరకు వస్తుందంటే, ఆ సగం ధర ఎందుకో ఆలోచించాలి. ఆ తాళాలు పగలగొట్టి ఇస్తామనే వారి మాట నమ్మి మరికొంత డబ్బు పోగొట్టుకోరాదు.

వయసు కూడా చూసుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ చిప్పులలో సుమారుగా ఎనిమిదో తరానికి పైబడినది, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, కనీసం 4 జీబీ ర్యామ్ ఉండాలి. ఇవి లేని యంత్రం ఎంత చవకగా వచ్చినా దాని ఆయుష్షు అంతంత మాత్రమే.

అమ్మేవారికీ బాధ్యత ఉంది

ఈ జాగ్రత్త కొనేవారికే అనుకోరాదు. ఇంజనీరు వంటి చదువుకున్నవారికే ఈ సంగతి తట్టలేదు. అమ్మేముందు తమ ఫైళ్లు వేరే చోటికి నకలు తీసుకుని, బ్రౌజరులోను, వన్‌డ్రైవ్‌లోను తమ ఖాతానుంచి బయటికి వచ్చి, యంత్రాన్ని పూర్తిగా చెరపాలి. ఆ తరువాత మైక్రోసాఫ్ట్ ఖాతాలోని డివైసెస్ జాబితానుంచి దానిని తొలగించాలి. లేకుంటే తమ బ్యాంకు పాస్‌వర్డులు, కుటుంబ ఫొటోలు కొత్తవారి చేతికి ఇచ్చినట్లే అవుతుంది. ఫైళ్లను డిలీట్ చేసి చెత్తబుట్ట ఖాళీ చేసినంత మాత్రాన అవి పోయినట్లు కాదు. వాటిని వెలికితీసే ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి.

గుమ్మం మీద కొత్త పేరు

మిర్యాలగూడ కుర్రవాడి కథ సుఖాంతమైంది. సంగతి తెలిసిన ఇంజనీరు నొచ్చుకుని, "తప్పు నాదే తమ్ముడూ, చెరిపి ఇవ్వవలసింది" అంటూ తన ఖాతా తెరిచి 48 అంకెలూ ఫోనులో చదివి వినిపించారు. మెకానిక్కు వాటిని ఒక్కొక్కటిగా కొట్టాడు. ఒక అంకె తప్పిపోతే మళ్లీ మొదటినుంచి చదవవలసి వచ్చింది. రెండోసారి డిస్కు తెరుచుకుంది. ప్రాజెక్టు పెన్‌డ్రైవులోకి చేరాక యంత్రాన్ని పూర్తిగా చెరిపారు. ఇంజనీరు తన జాబితానుంచి దానిని తీసేసి, తన దగ్గర చేరిన పత్రాలన్నింటినీ కుర్రవాడితో ఫోనులో మాట్లాడుతూనే తొలగించారు.

ప్రాజెక్టు గడువులోగా అందింది. అమ్మినవారు మంచివారు, ఫోను ఎత్తారు కనుక సరిపోయింది. వారు విదేశానికి వెళ్లిపోయి ఉంటే, నంబరు మారి ఉంటే, చేతులు మారుతూ మూడో మనిషి ద్వారా వచ్చిన సరుకై ఉంటే నాలుగు నెలల శ్రమ ఆ డిస్కులోనే ఉండిపోయేది.

ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్ తెరిస్తే కుర్రవాడి పేరు కనిపిస్తుంది. తండ్రికి కంప్యూటరు సంగతులు తెలియవు. అయినా మొన్న పక్క ఊరినుంచి బంధువు వచ్చి, కూతురికి పాత ల్యాప్‌టాప్ కొనాలనుకుంటున్నానని చెబితే ఆయన అడిగిన మొదటి మాట ధర గురించి కాదు.

"తెరమీద ఎవరి పేరుందో ముందు చూసుకో బావా" అన్నాడు.